వెనకనుంచి లెక్కపెట్టిన పిన్నులు

రమణమూర్తి సిగ్నల్ డిపార్ట్‌మెంటులో సీనియర్ టెక్నీషియన్. ముప్ఫై ఏళ్ల సర్వీసు. రెండేళ్లకోసారి ప్రశంసాపత్రం, రెండు నిమిషాలకోసారి జోకు. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల ఇంట్లో పెళ్లయినా పేరంటమయినా ఆయన వచ్చాడో లేదో కనుక్కున్నాకే జనం బంతిలో కూర్చుంటారు. "డ్యూటీలో ఉన్నంతసేపూ సిగ్నల్, డ్యూటీ దిగితే సిగ్గు నిల్" అని తన గురించి తనే చాటుకునేవాడు. ఆ రెండో సగం శుద్ధ అబద్ధమని మొన్న ఫిబ్రవరిలో తేలిపోయింది.

తేల్చింది నీలవేణి పిన్ని కంప్యూటరు.

నీలవేణి పిన్ని ఆయనకు సొంత పిన్ని కాదు. వాళ్లమ్మ స్నేహితురాలు. కాలనీ తెలుగు బడిలో టీచరుగా చేసి, మూడో తరగతిలో ఈయన చేత ఎక్కాలు వల్లె వేయించిన మనిషి. ఎనభైల చివర్లో ఆ బడికి ఒక కంప్యూటరు వచ్చింది. పెట్టె, కీబోర్డు విడివిడిగా ఉండవు, రెండూ ఒకటే దిమ్మ. టేప్‌రికార్డర్ తగిలించి క్యాసెట్ వేస్తే అయిదు నిమిషాలు కీచుమని కూసి, అప్పుడు ప్రోగ్రాం ఎక్కించుకునే రకం. మిగతా టీచర్లు దాని మీద గుడ్డ కప్పి దణ్ణం పెట్టి ఊరుకున్నారు. పిన్ని మాత్రం రెండు వేసవి సెలవులు గళ్ల పుస్తకంలో చుక్కలు పెట్టుకుని, చుక్కకొక అంకె వేసుకుని, అ నుంచి క్ష దాకా తెర మీద తెలుగు అక్షరాలు రాయించింది. అచ్చులు ఎర్రగా, హల్లులు పచ్చగా, ఒత్తులు నీలంగా.

బడి మూసేసినప్పుడు ఆ యంత్రాన్ని తుక్కు కింద వేలం వేస్తుంటే ఆవిడే ఇంటికి తెచ్చుకుంది. రిటైరై క్వార్టర్ వదిలి అద్దె వాటాలోకి మారాక పెట్టుకోవడానికి చోటు చాలక, రాజ్‌కిశోర్ నగర్‌లో ఉన్న ఆడపడుచు చిన్నమ్మి ఇంట్లో ఉంచింది. చిన్నమ్మికి మొగుడు పోయి పదిహేనేళ్లు. ఈ వదినా మరదళ్లు విడిగా కనిపిస్తే కాలనీ జనం "రెండోవారేరీ?" అని అడిగేంత జంట. ఏటా ఎండాకాలం ముందు ఒకే ఆటోలో వ్యాపార్ విహార్ టోకు బజారుకు వెళ్లి ఏడాదికి సరిపడా మిరపకాయలు, చింతపండు తెచ్చుకునేవాళ్లు. ఒకరు హిందీలో బేరం మొదలుపెడితే రెండోవారు ఛత్తీస్‌గఢీలో ముగించేవారు.

ఈ ఏడు తెలుగు సమాజం వార్షికోత్సవానికి ఆ అక్షరాల ప్రోగ్రాం పిల్లలకు చూపించాలని పిన్నికి కోరిక పుట్టింది. కాలనీ పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని బోర్డు మీద తెలుగు కనిపిస్తే అదేదో డిజైను అనుకుంటారు. కంప్యూటరయితే బతికే ఉంది, దాని పాత మానిటరు మాత్రం ఎప్పుడో పోయింది. సమాజం హాల్లో గోడంత ఎల్‌ఈడీ టీవీ ఉంది. పాతదాన్ని కొత్తదానికి కలపాలి. ఆ సంబంధం కుదర్చడానికి రమణమూర్తిని పిలిచింది.

మొదటి శనివారం పని సాఫీగా అయిపోయింది. యంత్రం వెనక రెండు సాకెట్లున్నాయి. ఒకటి నలుపూ తెలుపూ బొమ్మకు. దానికి ఒక్క తీగ చాలు, అటు కొస టీవీ పసుపు రంధ్రంలో గుచ్చితే సరి. రెండోది రంగుల బొమ్మకు. గుండ్రటి సాకెట్టులో ఆరు రంధ్రాలు. డిన్ సాకెట్ అంటారు దాన్ని. "పేరుకు డిన్ను, పని మాత్రం దిన్ భర్" అన్నాడు రమణమూర్తి, రోజంతా పడుతుందన్నట్టు. ఆ రోజుకు ఒంటి తీగే గుచ్చాడు. క్యాసెట్ కూసింది. ఆయన క్వార్టర్‌లో ముందు గదిలో టీవీ మీద బూడిద రంగులో, జానెడు ఎత్తున, చుక్కచుక్కగా 'అ' లేచి నిలబడింది.

చిన్నమ్మి చప్పట్లు కొట్టింది. "ఇరవయ్యేళ్లు మా ఇంట్లో పడుకున్నాది. లేస్తూనే అ అంటన్నాది చూడు వదినా."

పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుంది. "చాలు నాయనా. ఇలాగే చూపించీద్దుం. రంగు లేకపోతే ఏటి?"

ఆవిడ చాలన్నది. ఆ మాట తర్వాత రమణమూర్తి చెవిలో ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు. ఆ క్షణంలో మాత్రం గదిలో ముగ్గురున్నారు, అందరూ తన మొహమే చూస్తున్నారు, నాలుక ఊరుకోలేదు. "ఆరు పిన్నుల సాకెట్టు పెట్టుకుని ఒక్క పిన్నితో సరిపెట్టుకోమంటారా పిన్నీ?" అన్నాడు. నవ్వులు. ఆయన భార్య కనకమహాలక్ష్మి కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. జోకు పేలాక ఇక వెనక్కి తగ్గేదేముంది. యంత్రాన్ని తన దగ్గరే ఉంచుకుని, రంగుల్ని కొత్త టీవీకి అర్థమయ్యే భాషలోకి మార్చే కన్వర్టర్ డబ్బా తెప్పించాడు. మరుసటి వారం ఆదివారం పొద్దున్న సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించి కేబుల్ కట్టడానికి కూర్చున్నాడు.

ఇక్కడ ఆయన ఉద్యోగం సంగతి ఒకటి చెప్పాలి. స్టేషను రిలే రూములో ఇనప చట్రాలకు ముందువైపు రిలేలు, అంటే సిగ్నళ్లను నడిపే స్విచ్చులు, వరసగా తగిలించి ఉంటాయి. వైర్లన్నీ వెనకవైపు. పని చేసేవాడు వెనకే నిలబడతాడు, వెనకనుంచే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాడు. వాళ్ల డ్రాయింగులు కూడా వెనకనుంచి చూసినట్టే గీస్తారు. ముప్ఫై ఏళ్లు అలా నిలబడ్డ మనిషికి ఆరు చుక్కల గుండ్రం కనబడితే చెయ్యి దానంతటదే వెనక లెక్క పెడుతుంది. కంప్యూటరుతో వచ్చిన చిన్న పుస్తకంలో బొమ్మ మాత్రం సాకెట్టును ఎదురుగా చూసినట్టు గీసి ఉంది. ఎడమ కుడి అయింది. పుస్తకం లెక్కలో మొదటిది ఎర్త్, చివరిది అయిదు వోల్టులు. రమణమూర్తి కేబుల్లో అవి రెండూ ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నాయి.

తప్పు ఎవరికైనా దొర్లుతుంది. దాన్ని పట్టుకోవడానికే డ్యూటీలో ఒక పద్ధతుంది. కొత్త తీగలకు కరెంటు ఇచ్చేముందు ఇద్దరు నిలబడతారు. ఒకడు కాగితం చూసి నంబరు చదువుతాడు, రెండోవాడు మీటరు ముల్లు ఆనించి అదే నంబరు తిరిగి చెబుతాడు. ఆ పద్ధతి తప్పిన కుర్రాళ్లను రమణమూర్తి ఎంతమందిని ఎన్ని రకాలుగా వెక్కిరించాడో. ఆ ఆదివారం మీటరు బీరువాలో ఉంది. నంబర్లు చదవడానికి కనకమహాలక్ష్మి వంటింట్లో ఉంది. సొంతింట్లో సొంత చేతి పనికి సాక్షి ఎందుకని స్విచ్ వేశాడు.

టిక్‌మంది. అంతే. పెద్ద చప్పుడేం కాదు. టీవీ తెర నీలంగా వెలిగి, సిగ్నల్ డిపార్ట్‌మెంటు సీనియర్ టెక్నీషియన్ మొహాన 'నో సిగ్నల్' అని రాసింది.

వంటింట్లోంచి భార్య కేకేసింది. "ఏటో కాలిన వాసనొస్తన్నాది."

"నీ పోపేమో చూసుకో" అన్నాడు.

రంగుల తీగ పీకి ఒంటి తీగ గుచ్చాడు. అదే నీలం. మూత విప్పితే బొమ్మ గీసే చిప్పు వేలు పెట్టలేనంత కాలుతోంది. పుస్తకం ముందు పెట్టుకుని ప్లగ్గు విప్పి చూసేసరికి అయిదు నిమిషాల్లో సంగతంతా తెలిసిపోయింది. చిప్పు పోయింది, తన చేతికి చిప్ప మిగిలింది. తెలిశాక చేసిన మొదటి పని ఏమిటంటే, కట్టర్ తీసుకుని ఆ ప్లగ్గు కత్తిరించి, ముక్కలు పాత న్యూస్‌పేపరులో చుట్టి చెత్తబుట్టలో వేయడం. ఆ పని చేస్తున్నప్పుడు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. తర్వాత ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది అదే.

సాయంత్రం వదినా మరదళ్లు వచ్చేసరికి నిజం చెప్పేద్దామనే ఉన్నాడు. నిజంగానే ఉన్నాడు. "పిన్నీ, ఒక మాట" అని మొదలుపెట్టి, చేతికేదో పని కావాలన్నట్టు యంత్రాన్ని తిరగేశాడు. అడుగున తెల్లగా బూజు మరకలు. అవి ఎప్పటివో, చిప్పుకు వాటికీ ఏ సంబంధమూ లేదు. నోరు దానంతటదే అంది: "గోడ వారన పెట్టేరేటి దీన్ని? చెమ్మ తగిలినట్టున్నాది."

అది అబద్ధం కూడా కాదు, ఉత్త ప్రశ్న. కాని ముప్ఫై ఏళ్ల సర్వీసున్నవాడు అడిగితే ప్రశ్న కాస్తా తీర్పయిపోతుంది. సాకెట్టు కాల్చినవాడు సాకెట్టుకుని కూర్చున్నాడు.

పిన్ని మెల్లగా చిన్నమ్మి వైపు తిరిగింది. బాత్రూము గోడ పక్క గది వద్దని తను అప్పుడే చెప్పానంది. పోయిన వారం శనివారం పనిచేసింది కదా వదినా అంది చిన్నమ్మి. రమణమూర్తికి అక్కడ ఇంకో తలుపు తెరుచుకుంది. నిజంలోకి పోవాలంటే అది చాలు. ఆయన దాన్నీ మూసేశాడు. పాత సరుకు, చెమ్మ లోపల తినాల్సిందంతా తిన్నా చివర్లో ఒకసారి వెలుగుతుంది అన్నాడు.

"నీ వారం రోజులూ పాడుచేసేను నాయనా" అంది పిన్ని. ఆవిడ ఆయనకు క్షమాపణ చెప్పింది. మూడో తరగతి టీచరు, ఎనభై ఏళ్ల మనిషి. ఆయన "అబ్బే, అలాగేం లేదు పిన్నీ" అని ఆ క్షమాపణ పుచ్చుకున్నాడు.

మూడు వారాల తర్వాత వార్షికోత్సవం. పిల్లల డాన్సులయ్యాయి. సమాజం అధ్యక్షుడు తిరుపతయ్య బొగ్గు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన కరీంనగర్ మనిషి. మైకు పట్టుకుని నీలవేణి టీచరు అక్షరాల కథంతా చెప్పాడు. చెప్పి, పాపం రాజ్‌కిశోర్ నగర్‌లో చిన్నమ్మిగారి ఇంట్లో చెమ్మకు ఆ మిషిన్ ఖరాబైందని, అయినా వారం రోజులు కష్టపడ్డ మన రమణమూర్తిని సన్మానించుకోవడం మన ధర్మమని అన్నాడు.

శాలువా రాబోతోందని తెలిసి రమణమూర్తి హాలంతా చూశాడు. మూడో వరసలో పిన్ని ఒక్కతే ఉంది. పక్క కుర్చీ ఖాళీ. చిన్నమ్మి రాలేదేమని భార్యను అడిగాడు.

కనకమహాలక్ష్మి ముందుకు చూస్తూనే నెమ్మదిగా చెప్పింది. చిన్నమ్మి బండిలో గంట దూరంలో ఉన్న కోటాలో కూతురింటికి వెళ్లిపోయి పన్నెండు రోజులైంది. ఆ యంత్రం గొడవ మీద మాటామాటా పెరిగి, నీ ఇంట్లో పెట్టిందేదీ బతకదని నీలవేణి పిన్ని అనేసింది. మొగుడు పోయిన మనిషితో ఆ మాట. వ్యాపార్ విహార్‌లో పిన్ని ఒక్కతే మిరపకాయలు కొనుక్కోవడం తను కళ్లారా చూసింది. ఇదంతా చెప్పి, ఇంకా ముందుకే చూస్తూ అంది:

"ఆ ఆదివారం నాను పోపు పెట్టలేదు."

అప్పుడే పేరు పిలిచారు. రమణమూర్తి ఎలా లేచాడో, స్టేజీ ఎలా ఎక్కాడో తెలియలేదు. భుజాల మీద శాలువా పడింది. మైకు చేతికొచ్చింది. ఇదే సమయం, చెప్పేయాలి అనుకున్నాడు. చెప్పాడు కూడా.

"ఈ శాలువా నాకు చాలు... వా అని ఏడవడమొకటే తక్కువ" అన్నాడు. జనం సర్దుకుని కూర్చున్నారు. "ఆ మిషిన్‌ను చెమ్మ చంపలేదండీ. ఈ మూర్తి చంపేడు. ఎలా చంపేడో షార్టుగా చెప్పాలంటే, షార్టుతోనే చంపేడు. హంతకుడికి సన్మానం చేస్తన్నారు మీరు."

హాలు ఘొల్లుమంది. తిరుపతయ్య కళ్లలో నీళ్లు తుడుచుకున్నాడు. వెనక వరసల్లో కుర్రాళ్లు ఈలలు వేశారు. మూడో వరసలో పిన్ని కూడా, మూడు వారాల్లో మొదటిసారి కాబోలు, కొద్దిగా నవ్వింది.

కిందికి దిగి కూర్చున్నాక నిజం చెప్పేశానన్న హాయి ఒక నిమిషం ఉంది. రెండో నిమిషంలో చెవులు వేడెక్కాయి. వాళ్లు నవ్వుతారని తనకు తెలుసు. తెలిసే అలా చెప్పాడు. కత్తిరించిన ప్లగ్గును పేపర్లో చుట్టినట్టే నిజాన్నీ చుట్టి అందరి ఎదుటా పారేశాడు. పక్కన కనకమహాలక్ష్మి నవ్వలేదు. చప్పట్లూ కొట్టలేదు. శాలువా జారిపోతుంటే సర్దనూ లేదు.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి పొద్దున్నే పిన్ని వాటాకు వెళ్లాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఎన్నడూ లేనిది మాటలు ముందే కూడబలుక్కుని వెళ్లాడు. పుస్తకంలో బొమ్మను తప్పు వైపునుంచి లెక్కపెట్టానని, మీటరు పెట్టి చూసుకోలేదని, తన తీగ వల్లే కాలిపోయిందని, చెమ్మ మాట పచ్చి అబద్ధమని, రాత్రి మైకులో చెప్పింది జోకు కాదని చెప్పాడు.

పిన్ని అడిగిన ప్రశ్న ఆయన అనుకున్నది కాదు.

"నాను చాలన్నాను కదురా?"

"అన్నారు పిన్నీ."

"మరెందుకు రంగు?"

దానికి జవాబు ఆయన దగ్గరుంది. ఆ గదిలో ముగ్గురూ తనను చూసి నవ్వడం కోసం. అయినా మూడో తరగతిలో ఎక్కం మరిచిపోయినట్టు నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ లోపలికి వెళ్లి చీర మార్చుకుని చేతిసంచీ పట్టుకుని వచ్చింది. కోటా బండి ఎన్నింటికని అడిగింది. మీరెందుకు, నేనెళ్లి చెప్పి వస్తానన్నాడు. "మిషిన్ కాల్చినోడివి నువ్వే. నోరు జారింది నాను. నా మాట నువ్వు మోసుకెళ్తావేటి?" అంది ఆవిడ.

బండిలో ఇద్దరూ ఎదురెదురు కూర్చున్నారు. దారిలో ఆయనకు అలవాటు చొప్పున మాటలు తగులుతూనే ఉన్నాయి. కోటా పేరు మీద ఒకటి, టిక్కెట్టు మీద ఒకటి. ఒక్కొక్కటే మింగాడు. గుటక చప్పుడు పిన్నికి వినిపిస్తుందేమోనని కిటికీ వైపు తిరిగాడు.

చిన్నమ్మి కూతురింటి అరుగు మీద చాప వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. వదినను చూసి లేవలేదు. రమణమూర్తి చెప్పులు విప్పి, మెట్టు కిందే నిలబడి, పొద్దున్న చెప్పిందంతా మళ్లీ చెప్పాడు. రెండోసారికి సులువవుతుందనుకున్నాడు. కాలేదు. ఈ మనిషి తప్పేమీ లేదు, పైగా ఆ రోజు చప్పట్లు కొట్టింది ఈవిడే.

చిన్నమ్మి విన్నంతసేపూ చేతులు ఆపలేదు. చివరికి అంది: "మైకులో నా ఇల్లు చెప్పీసినారంట కదా. పాతికేళ్లుగా ఎరిగున్నోళ్లందరికీ. కోటాదాకా వచ్చి నా చెవిలో చెప్తే సరిపోద్దేటి?"

"సరిపోదు" అన్నాడు.

"అందరికీ చెప్పు. నవ్వించకుండా చెప్పు. నీకొచ్చునా?"

వచ్చో రాదో ఆయనకే తెలియదు. తల ఊపాడు. పిన్ని ఈ లోపల అరుగెక్కి చాప చివర కూర్చుంది. చిన్నమ్మీ, నాను అనకూడని మాట అన్నాను అని, ఇంకేమీ కలపకుండా, ముందున్న చింతపండులో చెయ్యి పెట్టి గింజలు తీయడం మొదలుపెట్టింది. చిన్నమ్మి వద్దనలేదు, రమ్మనలేదు. కాసేపటికి గింజల గిన్నెను ఇద్దరి మధ్యకు జరిపింది. రమణమూర్తిని మంచినీళ్లు కావాలా అని ఎవరూ అడగలేదు. ఆయన చెప్పులు వేసుకుని స్టేషనుకు నడిచాడు.

మధ్యాహ్నం ప్లాట్‌ఫాం మీద జనం పల్చగా ఉన్నారు. బెంచీ మీద కూర్చుని ఫోను తీశాడు. సమాజం వాట్సాప్ గ్రూపులో రెండువందల పధ్నాలుగు మంది. తెలుగులో రాస్తే సగం మంది చదవలేరు, అందుకని గొంతు రికార్డు చేశాడు. మొదటిసారి "సిగ్నల్ వాడి సిగ్గులేని పని వినండి" అని మొదలైంది. చెరిపేశాడు. రెండోసారి చివర్లో చిన్న చమత్కారం దొర్లింది, నిజంగా చిన్నదే. అదీ చెరిపేశాడు. మూడోసారి కళ్లు మూసుకుని చెప్పాడు:

"నేను రమణమూర్తిని. నీలవేణి టీచరుగారి కంప్యూటరు చెమ్మకు పోలేదు. నేను కేబుల్ తప్పుగా కట్టి కాల్చేశాను. ఆ సంగతి దాచి చెమ్మ అని అబద్ధమాడాను. చిన్నమ్మిగారి ఇంట్లో ఇరవై ఏళ్లు అది భద్రంగానే ఉంది. ఆవిడ తప్పు ఏమీ లేదు. సన్మానం నేను తీసుకోకుండా ఉండాల్సింది."

పంపాడు. తన గొంతు తనకే ఎవరిదోలా ఉంది.

అర నిమిషంలో తిరుపతయ్య దగ్గరనుంచి కన్నీళ్లొచ్చేలా నవ్వే పసుపు మొహాలు మూడు వచ్చాయి. వెనకే ఇంకెవరో "అచ్ఛా హై భాయ్" అన్నారు. ఇంకో రెండు నవ్వు మొహాలు. రమణమూర్తి ఫోను ఒళ్లో పెట్టుకుని కాసేపు పట్టాల వైపు చూశాడు. ముప్ఫై ఏళ్లుగా తను సంపాదించుకున్నది ఇదే.

మళ్లీ తీసి, హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి టైపు చేశాడు. ఇది జోకు కాదు. దయచేసి మళ్లీ వినండి.

తర్వాత తిరుపతయ్య పంపిన మూడు మొహాలు చెరిగిపోయాయి. ఆ వెనక మిగతావీ ఒక్కొక్కటే. విన్నవాళ్ల సంఖ్య నలభై అయింది, డెబ్భై అయింది, నూట పది అయింది. ఎవరూ ఏమీ రాయలేదు. బిలాస్‌పూర్ బండి వస్తోందని అనౌన్స్‌మెంటు మొదలైంది.